గంగమ్మకు మొక్కిన కోడి

మదనపల్లె శివార్లలో ఇల్లు కట్టుకున్న మా మనవడికి ఈమధ్య నాటుకోళ్ళ పిచ్చి పట్టుకుంది. మిద్దె మీద ఇనుపతీగల గూడు కట్టించి, కొన్ని పెట్టలనూ ఒక పుంజునూ తెచ్చి పెట్టుకున్నాడు. ఆఫీసు నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా ముందు వాటి దగ్గరికే పరుగెత్తుతాడు. మొన్న సాయంత్రం ముఖం వేలాడేసుకుని కిందికి దిగివచ్చి, ఎర్రపెట్టకు వీపు మీద ఈకలు రాలిపోతున్నాయనీ, ఎందుకో తెలియడం లేదనీ చెప్పి, నేను నోరు తెరిచేలోపలే సెల్‌ఫోను తీసి అందులో ఉన్న కారణాలన్నీ చదివి వినిపించాడు. పేలట, పుంజు తొక్కుడట, ఈక మార్చే కాలమట, తిండిలో లోపమట, చోటు ఇరుకట. అడిగింది నన్ను, జవాబు చెప్పింది ఫోను. ఈ కాలం పిల్లల వరస అంతా ఇంతే. వాడు చదువుతున్నంతసేపూ నేను వింటూనే ఉన్నాను గాని నా మనసు మాత్రం పుంగనూరులో మా పాత ఇంటి పెరట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ కూడా ఒక కోడికి వీపు మీద ఈకలు రాలాయి. ఆ కారణం ఆ ఫోనులో లేదు.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో కొన్ని జబ్బుల పేర్లు ఇంట్లో పైకి అనేవాళ్ళు కాదు. మా అమ్మకు వచ్చింది అలాంటి జబ్బే. దగ్గు మొదలై, సన్నని జ్వరం వదలక, ఉమ్మిలో ఎరుపు కనిపించాక, మదనపల్లెకు అవతల గుట్టల మధ్య గాలి బాగా వీచే చోట దొరలు కట్టించిన క్షయ ఆసుపత్రిలో ఆమెను చేర్చారు. అప్పటికి ఆ జబ్బుకు గట్టి మందంటూ లేదు; గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం మీద కదలకుండా పడుకోవడం, అదే వైద్యం. యుద్ధం ముగిసిందో ముగియబోతున్నదో సరిగా గుర్తులేదు గాని, బస్సులింకా బొగ్గుల మీదే నడిచేవి, చక్కెరా కిరసనాయిలూ ఇంకా కొలిచే ఇచ్చేవాళ్ళు.

మా నాయనకు కుప్పం రైలు స్టేషనులో చిన్న ఉద్యోగం. సెలవు దొరికినప్పుడు పలమనేరు మీదుగా బస్సులు మారి పుంగనూరు వచ్చి ఒక రాత్రి మాతో ఉండి, మర్నాడు మదనపల్లె పోయి అమ్మను చూసి, అట్నుంచి అటే తిరిగి కుప్పం వెళ్ళిపోయేవాడు. అమ్మ ఒక ఊళ్ళో, నాయన ఒక ఊళ్ళో, మా అవ్వా నేనూ ఇంకో ఊళ్ళో. ఆసుపత్రిలో పిల్లలను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు కనుక నేను అమ్మను చూసి చాలా కాలమైంది. అవ్వ మాత్రం పెరటి కోళ్ళు పెట్టిన గుడ్లను బుట్టలో రాగిపొట్టు పోసి సర్ది, తెలిసిన బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేది. ఆ బుట్ట అమ్మ మంచం దాకా పోతుందని నాకు తెలుసు కాబట్టి, గుడ్లు సర్దేటప్పుడు ఎవరూ చూడకుండా ఒక్కొక్కదాన్నీ కాసేపు చేతిలో పట్టుకుని అప్పుడు బుట్టలో పెట్టేదాన్ని.

అమ్మను ఆసుపత్రిలో చేర్చిన మరునాడే మా అవ్వ గంగమ్మకు ఒక కోడిని మొక్కింది. కోడలు నడుచుకుంటూ గడప లోపలికి వస్తే ఈ కోడిని నీకిస్తానమ్మా అని. మా వైపు మొక్కులు ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. మొక్కిన కోడి ఇంట్లో ఉన్నా ఇంటివాళ్ళది కాదు. దాన్ని కొట్టకూడదు, తిట్టకూడదు, అది పెట్టిన గుడ్డు తినకూడదు, అమ్మకూడదు. ఎవరి ఇంటి మొక్కుబడి కోడైనా వీధిలో కనిపిస్తే దారి ఇచ్చి పక్కకు తప్పుకునేవాళ్ళు. అవ్వ మొక్కింది బూడిద రంగు పెట్టను. మెత్తని స్వభావం దానిది. గింజలు చల్లితే మిగతావన్నీ తిన్నాక వచ్చేది. అంతకు ముందు మా కోళ్ళన్నీ పొద్దున గంప ఎత్తగానే వీధిన పడి, దిబ్బలన్నీ గీకి, పొద్దుగూకే వేళకు వచ్చేవి. ఈ మొక్కుబడి కోడిని ఏ గద్దో ఎత్తుకుపోతే, ఏ దొంగచేతికో చిక్కితే ఎంత అరిష్టమని అవ్వ పెరటికి కిత్తలి కంచె మీద ముళ్ళకంప కొట్టించి, అన్నింటినీ లోపలే ఉంచేసింది. మిగతావి వీధికి పోతే ఇది వాటి వెంట దూకుతుందని ఆమె భయం.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది మా అవ్వకు. మంగళవారం, శుక్రవారం తెల్లవారగానే తలస్నానం చేసి, కోడిని పీట మీద నిలబెట్టి, మెడ వెనకా వీపు మీదా పసుపు రాసి, రాలిపోకుండా ఆముదంలో కలిపిన కుంకుమను దాని మీద బొట్లుగా పెట్టేది. అమ్మవారి సొమ్మని అందరికీ తెలియాలి కదా. పూజ కాగానే కోడిని పెరట్లో వదిలి, తలుపు గొళ్ళెం పెట్టి గుడికి వెళ్ళిపోయేది. నేను బడికి పోయేదాన్ని. బూడిద రంగు మీద ఆ ఎర్రటి బొట్లు ఎంత అందంగా ఉండేవో ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

కొన్నాళ్ళకు ఆ కోడి వీపు మీద ఈకలు పలచబడ్డాయి. మొదట చూసింది నేనే. అవ్వకు చూపిస్తే, ఈక మార్చే కాలమేమోలే అంది గాని, ఆమె గొంతులో ధీమా లేదు. ఈక మార్చే కోడికి మెడ దగ్గర మొదలై ఒళ్ళంతా రాలుతాయి, మరి మిగతా కోళ్ళకేమీ రాలడం లేదు. దీనికి వీపు మధ్య ఒక్కచోటే అరచేయంత మేర బోసిపోయింది. ఆ రోజు సాయంత్రం అవ్వ అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే ఉంచి లేచిపోయింది. ఎందుకో నాకు అడగాలని కూడా అనిపించలేదు. ఆమె ఆలోచిస్తున్నది కోడి గురించి కాదని నాకు తెలుసు.

మా ఎదురిల్లు పరుపులు కుట్టే సాయిబులది. ఆ ఇంటి పెద్దామెను నేను ఖాలా అనే పిలిచేదాన్ని; మా అవ్వను ఆమె అక్కా అనేది. కోళ్ళ విషయంలో ఆ వీధికంతా ఆమెదే పెద్దరికం. అవ్వ కబురు పెట్టగానే దూది అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కోడిని ఎండలో పట్టుకుని, ఈక ఈకనూ పాయ తీసి, రెక్కల కింద, తోక కింద ఊది ఊది చూసింది. మా అవ్వ ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడింది. చివరికి ఖాలా కోడిని వదిలేసి, “పేన్లు ల్యా, గోమార్లు ల్యా. సర్మం సుబ్బరంగా ఉండాది అక్కా. యాల రాల్తాండాయో నాకే అంతు సిక్కలేదు” అంది. అయినా ఊరకే ఉండలేక బూడిదలో పొగాకు పొడి కలిపి కోడికి పులిమారు. ఏమీ కాలేదు. ఈకలు రాలుతూనే ఉన్నాయి.

తరువాత అనుమానం పుంజు మీదికి పోయింది. పుంజు ఎక్కి తొక్కితే పెట్టకు వీపు మీదే కదా ఈకలు పోయేది. అది నిజమై ఉంటుందని నాకు ఎంతో సంతోషమేసింది, ఎందుకంటే పుంజుదే తప్పయితే ఇంక ఎవరి కోపమూ కాదు. ఖాలా ఆ పుంజును తన ఇంటికి తీసుకుపోయి గంప కింద మూసింది. వీధిలో అందరూ నవ్వారు, పుంజును ఇల్లరికం పంపారని. మేము కూడా ఆ ఒక్క పూట నవ్వుకున్నాం. పుంజు అటు పోయి చాలా రోజులైనా ఈకలు రాలడం మాత్రం ఆగలేదు సరికదా, ఈసారి బోసి వీపు మీద నెత్తుటి చుక్కలు కూడా కనిపించాయి.

ఆ నెత్తురు చూశాక మా అవ్వ ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగిన కారణాలన్నీ అయిపోయాయి, మిగిలింది ఒక్కటే. ఇంటి కోడలిని కులం తెలియని చేతుల్లో పెట్టి, ఊరు దాటించి, గుట్టల్లో పడుకోబెట్టినందుకు అమ్మవారికి కోపం వచ్చిందనీ, ఆ కోపం కోడి మీద కనిపిస్తున్నదనీ, కోడి ఒంటి మీద ఈకలు ఎన్నాళ్ళుంటాయో కోడలి ఒంట్లో ప్రాణం అన్నాళ్ళేననీ ఆమె మనసులో ఖాయమైపోయింది. మంగళ శుక్రవారాలు చాలక ఇప్పుడు రోజూ తెల్లవారి పూజ మొదలుపెట్టింది. వేపాకు నూరి పుండు మీద రాసేది, చుట్టూ ఇంకా దట్టంగా కుంకుమ పెట్టేది. ఎంత పెడితే అంత రాలేవి. ఎంత రాలితే అంత పెట్టేది. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని, నాకు ఏడుపొచ్చేది.

కుప్పానికి కబురు పోయింది. నాయన వచ్చాడు. చదువుకున్నవాడు, రైల్వేలో పనిచేసేవాడు, ఇలాంటివి నమ్మడని నేను అనుకున్నాను. ఆయన మొదట అరిచాడు కూడా, ఆసుపత్రిలో బరువు పెరుగుతున్నదని చెప్పారు, ఇంకా కొన్నాళ్ళు ఉంచితే నయమవుతుందన్నారు, ఈ సమయంలో కదిలిస్తే చేతులారా చంపుకున్నట్టేనని. అవ్వ కోడిని తెచ్చి ఆయన ముందు వదిలింది. నాయన వంగి దాని వీపు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీయలేదు. అవ్వ అప్పుడంది, “ఆ గంగమ్మ నోటితో చెప్పదు కదా నాయనా, ఇట్లనే చెప్తాండాది. పూరా రాలిపోయినాక పిలుచుకొచ్చి ఏం సేస్తావు? ఏమయ్యేదీ నా ఇంట్లో, నా కండ్ల ముందర కానీ.” నాయన పోయి అరుగు మీద కూర్చున్నాడు. తెల్లవారి మొదటి బస్సుకు మదనపల్లె పోయి, సాయంత్రం బస్సుకు అమ్మను తీసుకొస్తానని చెప్పాడు. మనసులో ఇష్టం లేకపోయినా భయం చదువుకున్నవాడిని కూడా వదలదని ఆ రోజు నాకు మొదటిసారి తెలిసింది.

నాకు మాత్రం ఒకటే సంతోషం. అమ్మ వస్తున్నది. వచ్చాక ఏమవుతుందో ఆలోచించే వయసు కాదు. నాయన పోయిన ఆ పొద్దున బడి మాన్పించి, ఇల్లు అలకడానికి పేడ ఎత్తుకురమ్మని అవ్వ నన్ను పెరట్లోకి పంపింది. పూజ అప్పుడే అయింది, బూడిద పెట్ట ఎర్రటి బొట్లతో మెల్లగా నడుచుకుంటూ పోయి గోడ వారన నిలబడింది. నేను పేడ చేతులతోనే దాని దగ్గర కూర్చుని, అమ్మ వస్తుందే, ఇంక నీకు తగ్గిపోతుందే అని చెప్పుకుంటున్నాను. అంతలో మా నల్లపెట్ట, అన్నింటి మీదా పెత్తనం చేసేది, మెడ వాల్చి ఒక కంటితో దాని వీపును చూస్తూ దగ్గరికి వచ్చింది. వచ్చి, ఆ కుంకుమ బొట్టు మీద టక్కున పొడిచింది. దాని వెనకే ఇంకొకటి. ఇంకొకటి. గింజలు ఏరుకున్నట్టు బొట్టు బొట్టునూ ఏరుతున్నాయి. బొట్టుతో పాటు ఈక, ఈకతో పాటు నెత్తురు, ఆ నెత్తురు కూడా ఎరుపే కనుక మళ్ళీ అక్కడే పొడుపు. బూడిద పెట్ట ఎప్పటిలాగే అరవకుండా, గోడకు ఒదిగి తల దాచుకుంది.

కోళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకోవడం మేము ఎన్నడూ చూడలేదని కాదు. రోజూ చూసేదే కనుక ఎవరికీ పట్టలేదు. అందరమూ ఈకలు రాలిన కోడినే చూశాం గాని, పక్క కోళ్ళ ముక్కుల వైపు చూడలేదు. పైగా పూజ కాగానే, బొట్లు కొత్తగా ఉన్న ఆ కాసేపూ పెరటి తలుపుకు గొళ్ళెం పెట్టి ఉండేది. నేను పేడ చేతులతోనే ఇంట్లోకి పరుగెత్తి, “అవ్వా, కోళ్ళు కుంకుమ తింటాండాయి!” అని అరిచాను.

అవ్వ నమ్మలేదు. నమ్మలేదు అనడం కంటే నమ్మడానికి భయపడింది అంటే సరిగా ఉంటుంది. పెరట్లోకి వచ్చి, కోళ్ళను అదిలించి, చాలాసేపు వాటి ముక్కులు చూసింది. తరువాత ఏమనుకుందో ఏమో, లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చి, ఆ నల్లపెట్టను ఒడుపుగా పట్టుకుని, దాని వీపు మీద అలాగే ఆముదం కుంకుమ బొట్లు పెట్టి వదిలింది. దాన్ని చూస్తే మిగతా కోళ్ళన్నీ ఆమడ దూరం పోయేవి. ఆ రోజు పోలేదు. కాసేపు తలలు వంచి చూసి, ముందు చిన్న పెట్ట ఒకటి ధైర్యం చేసింది, తరువాత అన్నీ మీద పడ్డాయి. నల్లపెట్ట ఈక ఒకటి ఎగిరివచ్చి మా అవ్వ కాళ్ళ దగ్గర పడింది. అవ్వ భరిణె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తరువాత, నేను ఎన్నడూ చూడని విధంగా, రెండు చేతులతోనూ తల బాదుకుంది.

అయితే ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు మా అవ్వ. నల్లపెట్ట వీపు కొంగుతో తుడిచి, బూడిద పెట్టను గుడ్ల బుట్టలో పెట్టి పైన గుడ్డ కట్టి, ఇంటి తాళం ఖాలా చేతిలో పడేసి, నా చెయ్యి పట్టుకుని బస్సు ఆగే చోటికి పరుగు తీసింది. కోడి ఎందుకని ఖాలా అడిగితే, “ఉత్త మాట చెప్తే నా కొడుకు నమ్మడు. దీన్ని సూపిస్తా, నా సేతుల్నీ సూపిస్తా” అంది. మగతోడు లేకుండా ఆమె బస్సెక్కడం నేను చూడటం అదే మొదటిసారి.

నడిపొద్దు బస్సు అది. వెనక పీపాలో బొగ్గులు రాజేసి, క్లీనరు చక్రం తిప్పి తిప్పి పొగ పుట్టిస్తే గాని కదలదు. గట్టు ఎదురైతే చాలు ఆయాసపడి ఆగిపోయేది, మేమంతా దిగి నడిచేవాళ్ళం. అవ్వ ప్రతి మలుపులోనూ తల బయటికి పెట్టి, ఎదురుగా బస్సు వస్తున్నదా, బండి వస్తున్నదా అని చూస్తూనే ఉంది, ఎక్కడ నాయనా అమ్మా మమ్మల్ని దాటి పోతారో అని. డ్రైవరును బతిమాలి, ఎదురుపడిన బండినల్లా ఆపించి లోపల తొంగి చూసింది. నేను బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుడ్డ కింద కోడి వెచ్చగా కదులుతుంటే, అప్పుడు, ఆ పొగ వాసనలో, నాకు విషయం తలకెక్కింది. మేము వేళకు చేరితే అమ్మ ఇంటికి రాదు. నేను అరవకుండా ఉండి ఉంటే వచ్చేది. అవ్వ ముఖం చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు.

మేము పోయేసరికి వాళ్ళింకా బయలుదేరలేదు. ఆసుపత్రి గేటు పక్కన రాతి బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది, పక్కన మూట, మూట పక్కన నాయన. అమ్మ తల దువ్వుకుని పూలు పెట్టుకుంది. ఒంట్లో కాస్త కండ పట్టింది, ముఖం తేటగా ఉంది. ఎంత కాలానికో చూశానేమో, బుట్ట కింద పడేసి ఒక్క పరుగున పోయాను. అమ్మ దిగ్గున లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి నా వైపు చాచి, “ఆడనే ఉండు పాపా, ఆడనే” అంది. నేను ఆగిపోయాను. మా మధ్య ఒక బండి పట్టేంత చోటు ఉంది.

అవ్వ ఆ నేల మీదే కూర్చుని బుట్ట విప్పి, కోడిని తీసి వీపు చూపించి, ఏడుస్తూనే అంతా చెప్పింది. కుంకుమ సంగతి, నల్లపెట్ట సంగతి. “నా సేతుల్తో నేనే పొడిపించినాను. ఆయమ్మకు మన మింద కోపం ల్యా. నేనే గుడ్డిదాన్నయినా” అని. నాయన రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు చూస్తే తేలికపడ్డాడని నాకు కూడా తెలిసింది. అమ్మ మాత్రం కోడి వైపే చూస్తున్నది. “అట్లయితే నేను ఇప్పుడు రాకూడదా అత్తా?” అంది.

ఇంటికి వస్తున్నానని ఆమె పొద్దుటినుంచి ఎంత సంబరపడిందో ఆ పూలు చూస్తే తెలుస్తున్నది. ఆ మంచాల వరసలోంచి, ఆ దగ్గుల మధ్యలోంచి బయటపడి తన గడప తొక్కుతానని, పోయేది ప్రాణమైనా తన ఇంట్లో పోతుందని ఆశపడిన మనిషికి, ఇక్కడే ఉండమ్మా, నువ్వు బతుకుతావు అని చెప్పడానికి వచ్చాం మేము. మంచి మాట చెప్పడానికే వచ్చాం. ఆ మంచి మాటే ఆమెకు చేదయింది. అమ్మ వంగి, వేళ్ళ కొసలతో కోడి వీపును తాకింది. మూట చేతికి తీసుకుంది. “దాన్ని కొన్నాళ్ళు వేరేగా పెట్టు అత్తా, మాన్తాది” అని చెప్పి, చీకటి పడకముందే బయలుదేరమని నాయనకు చెప్పి, తిరిగి లోపలికి నడిచింది. నా వైపు ఒకసారి చూసింది గాని, పిలవలేదు.

బూడిద పెట్టను ఖాలా ఇంట్లో విడిగా ఉంచాం, మా పుంజు తిరిగి మా ఇంటికి వచ్చింది. ముళ్ళకంప తీసేశాం. పుండు మానింది, మొలకల్లాంటి కొత్త ఈకలు వచ్చాయి, పాత వాటికంటే కాస్త ముదురు రంగువి. అవ్వ ఆ తరువాత ఎన్నడూ కోడికి కుంకుమ పెట్టలేదు, గంగమ్మ గుడికి పోవడం మాత్రం మానలేదు. ఏడాది పైన గడిచాక ఒక పొద్దున అమ్మ బస్సు దిగి, ఎవరి ఆసరా లేకుండా నడుచుకుంటూ వచ్చి గడప లోపల కాలు పెట్టింది. మొక్కు తీర్చాలి కదా అని ఇరుగుపొరుగు అడగడం మొదలుపెట్టారు. నేను భయంతో రెండు రోజులు కోడిని వదలకుండా తిరిగాను. జాతర దగ్గరపడినప్పుడు వీధిలో అందరూ వింటుండగానే అవ్వ తేల్చి చెప్పేసింది, “ఆయమ్మకు ఇయ్యాల్సిన నెత్తురు అది ఎప్పుడో ఇచ్చేసిండాది. ఇంగ దాని జోలికి ఎవురూ పోవాకండి.” ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు, గంగమ్మకు కూడా ఉండి ఉండదు.

అమ్మ వచ్చింది, నిజమే. కాని నా దగ్గరికి రాలేదు. నయమైందని ఆసుపత్రి వాళ్ళు చెప్పి పంపినా ఆమెకు నమ్మకం చిక్కలేదు. తన కంచం వేరు, తన చెంబు వేరు, తన చాప వసారాలో ఒక మూల. నేను దగ్గరికి పోతే అదే చెయ్యి చాచేది, ఆడనే ఉండు పాపా అని. జడ వేయమంటే అవ్వను పిలిచేది. చాలా ఏళ్ళు బతికింది, నా పెళ్ళి చూసింది, నా పెద్దకొడుకును చూసింది. వాడిని కూడా చాప మీద పడుకోబెట్టమని, తాను ఇవతల కూర్చుని చూసి మురిసిపోయిందే గాని, ఒళ్ళోకి తీసుకోలేదు. ఆమె ఒళ్ళో పెట్టుకున్నది ఆ బూడిద పెట్టను ఒక్కదాన్నే. కోళ్ళకు తన జబ్బు రాదని ఎవరో చెప్పారట. మధ్యాహ్నం వేళ వసారా మెట్టు మీద కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కొత్త ఈకలను మెల్లమెల్లగా సవరిస్తూ ఉండేది. నేను ఎదుటి గోడకు ఆనుకుని కూర్చుని చూస్తుండేదాన్ని. ఆ కోడి అంటే నాకు ప్రాణం. ఆ కోడి అంటే నాకు అసూయ.

ఇప్పుడు ఆ జబ్బుకు మాత్రలున్నాయి. మా మనవడి ఇంటి పక్క సందులో ఒక చిన్నది, పసిబిడ్డ తల్లి, ఈ మధ్యనే ఆ మాత్రల వాడకం పూర్తి చేసింది. మందు వేసుకుంటున్న కొత్తల్లో కొన్నాళ్ళు ముఖానికి గుడ్డ కట్టుకుని తిరిగింది. ఆ తరువాత భయం లేదని డాక్టరు చెప్పారట, బిడ్డను చంకనేసుకుని కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే నేను కిటికీలోంచి చూస్తుంటాను. జబ్బు పేరు నలుగురిలో పైకి చెబుతుంది, ఏ సిగ్గూ లేకుండా. ఎంత మంచి కాలం వచ్చిందని సంతోషిస్తాను. ఆ సంతోషం వెంటనే మా అమ్మ చాచిన చెయ్యి గుర్తొచ్చి, ఇంత చిన్న మాత్ర కొన్నేళ్ళు ముందుగా వచ్చి ఉండకూడదా అని ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది.

మనవడి కోడికి వచ్చింది పెద్ద కష్టమేమీ కాదు, ఈక మార్చే కాలం అంతే; మిగతావాటిని కూడా చూసి రమ్మని పంపితే వాటికీ మెడల దగ్గర రాలుతున్నాయన్నాడు, ముందు సరిగా చూడలేదు. మెట్లెక్కలేనని చెబితే దాన్ని కిందికి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కొత్త ఈకల మొనలు వేళ్ళకు గుచ్చుకున్నాయి. ఎంత వెచ్చగా ఉందో. చాలా వేళ అయింది, గూట్లో పెట్టి వస్తానవ్వా అని వాడు రెండుసార్లు అడిగాడు. కాసేపు ఉండనీరా అన్నాను.